అమ్మ వద్దన్న గోడ

సల్కా అక్కా,

మన ఊరు ఎల్ ఆయూన్‌లో నువ్వూ పిల్లలూ చల్లగా ఉండాలని ఇక్కడ రోజూ దేవుణ్ణి అడుగుతుంటాను.

యుద్ధమప్పుడు "వారంలో వచ్చేస్తాం" అని నిన్ను అమ్మమ్మ దగ్గర వదిలి, చంటిపిల్లనైన నన్నెత్తుకుని అమ్మ సరిహద్దు దాటి ఈ శరణార్థి శిబిరానికి వచ్చింది. తరవాత మన ఊరిని ఆక్రమించిన సైన్యం ఎడారికి అడ్డంగా మన మధ్య ఇసుక గోడ లేపింది, దాని పొడవునా మందుపాతరలు పాతింది. అమ్మ మాత్రం ఇక్కడ ఒక్క ఇటుక పెట్టనివ్వలేదు. "గుడారమైతే పొద్దున్నే విప్పుకుని పోవచ్చు. గోడ కట్టామంటే ఇక్కడే ఉండిపోతామని ఒప్పుకున్నట్టేనే!" అనేది.

మొన్నటి గాలికి గుడారం నిలువునా చిరిగింది. పక్కింటి మహ్ఫూదా పిన్ని టీకి వచ్చి, మూడో గ్లాసు దాకా కూర్చుని తిట్టిపోసింది: "మీ అమ్మ మొండితనం నీకెందుకే? మట్టి ఇటుకలు నేను కోయిస్తాను, గోడ పెట్టుకో!"

ఫోనులో నీకు చెప్పడానికి నోరు రాలేదక్కా. రంజాన్‌కి ముందే అమ్మ పోయింది. శిబిరం చివర పూడ్చాం. ఇప్పటికీ నేను ఒక్కదాన్నే ఉన్నా అలవాటుగా రెండు గ్లాసులు పెడుతున్నాను.

పెద్దదానివి, నువ్వే చెప్పు. ఇటుకలు కోయించమననా? రేపు మన ఊరికి దారి తెరిచినా, ఇక్కడ ఉండనంటే ఉండనన్న మనిషిని ఇక్కడే ఒంటరిగా వదిలి ఎలా రాను?

నీ చెల్లెలు