చంక కింద రెండు వేళ్ల సందు

ఒమాచి పట్టణంలో కొండలెక్కేవారి బట్టల దుకాణం నడుపుతున్న కురాషినా తొవా అను నేను, డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో, మతి స్థిరంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. డాక్టరు ధ్రువపత్రం జతచేశాను. మోకాళ్లు పనిచేయవని కూడా అందులో ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇంతకుముందు రాసింది ఇకపై చెల్లదు. అమలు బాధ్యత వకీలు అకాహానె గారిది.

1. మా నాన్న వరిగడ్డితో అల్లుకున్న వానకప్పు పట్టణ మ్యూజియానికి చెందుతుంది. నాన్న కొండమీది బసలకు బియ్యం మోసేవాడు. పక్కన 'పూర్వపు పేదల దుస్తులు' అని రాయకూడదు. అది మంచును దులిపేసేది, చెమటను బయటికి పోనిచ్చేది. తడిస్తే మాత్రం మోయలేనంత బరువెక్కేది. రెండూ రాయాలి.

2. నేనల్లిన ఉన్ని చేతితొడుగులు పది జతలు పేపరు వేసే ఆమెకు ఇవ్వాలి. ఆమె కుడిచేతి తొడుగుకు పోయిన చలికాలం నుంచి చిల్లుంది. నేను చూడలేదనుకుంటోంది.

3. కుట్టుమిషన్లు, గుడ్డ తానులు, నమూనా పుస్తకం మొమొసె కినుకు దఖలు పరుస్తున్నాను. ఇరవై ఆరేళ్లు నా దగ్గర కుట్టింది. జేబులు ఇప్పటికీ కిందికే పెడుతుంది. వీపుసంచి నడుంపట్టీ కిందికి పోయిన జేబులోకి చెయ్యి దూరదని ఇదే ఆఖరుసారి చెప్పడం.

4. ఇల్లు, దుకాణం, స్థలం మా మరిది తెత్సురో కూతురు మినెకోకు సర్వహక్కులతో చెందుతాయి. ఆమె కొండల్లో చిక్కుకున్నవారిని కాపాడే దళంలో పనిచేస్తుంది.

5. నమూనా పుస్తకం నలభై ఒకటో పుటలో ఒక తప్పుంది. దాన్ని దిద్దాలంటే జరిగింది చెప్పాలి.

1964 ఫిబ్రవరిలో హరినోకి కనుమ దగ్గర ఇద్దరు విద్యార్థులు చిక్కుకున్నారు. నా భర్త యోహెయ్, అతని తమ్ముడు తెత్సురో వెళ్లారు. యోహెయ్ నేను కుట్టిన కొత్త నైలాను కోటు వేసుకున్నాడు. మైనం పట్టించిన కాన్వాసులో సగం బరువు, చుక్క నీరు దూరదు. చెమట కూడా బయటికి పోదు గనుక చంకల కింద రెండు వేళ్ల వెడల్పున సందు వదిలాను. విద్యార్థులు బతికారు. యోహెయ్ లోపల వేసుకున్న ఉన్ని చెమటకు నానిపోయి, వీపు మీది బరువు దించి కూర్చోగానే గడ్డకట్టింది. అతను మళ్లీ లేవలేదు.

దహనం రోజున తెత్సురో అందరి ముందూ, నీ సూదే మా అన్నను చంపిందన్నాడు. ఇరవై మూడేళ్లు నా గడప తొక్కలేదు. నేనూ అదే నమ్మాను. రెండేళ్లు నైలాను ముట్టుకోలేదు. ముట్టుకున్నాక సందులు వెడల్పు చేస్తూ పోయాను. వానను ఆపి ఆవిరిని వదిలే గుడ్డ వచ్చాక కూడా మానలేదు.

1987లో మినెకో దళంలో చేరిన వారం తెత్సురో దుకాణానికి వచ్చాడు. శవం మీంచి తీసి తాను దాచిన కోటు బల్లమీద పెట్టాడు. చంకల సందులు రెండూ తెల్లదారంతో మూసి ఉన్నాయి. ఆ కుట్టు నాది కాదు.

"ఆ పొద్దున మంచువాన పడుతోంది వదినా. నీళ్లు దూరతాయని నేనే కుట్టేశాను. అన్న వద్దంటున్నా వినలేదు. ఇప్పుడు నా కూతురికి కోటు కావాలి. నువ్వే కుట్టాలి."

కొలతలు రాసుకున్నాను. తర్వాత, "విప్పి ఉన్నా చాలేది కాదులే, నేనే తక్కువ పెట్టాను," అన్నాను. అతను చూస్తుండగానే పుస్తకంలో 'రెండు వేళ్లు చాలవు, జానెడు ఉండాలి' అని రాశాను. అతను అది రెండుసార్లు చదువుకుని టీ అడిగాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వచ్చేవాడు. చలికాలమైతే దుకాణం ముందు మంచు తోసేవాడు, కాకపోతే ఆకు ఊరగాయ తిని పోయేవాడు.

నేనన్నది నిజమో కాదో అప్పటికి నాకు తెలియదు. తర్వాతి జనవరిలో ఆ కోటు దారం విప్పి, తొడుక్కుని, ఇరవై కిలోల బియ్యం వీపున వేసుకుని, ఎదురుగాలిలో మూడు గంటలు కొండెక్కాను. లోపలి ఉన్ని మెడ దగ్గర తప్ప తడవలేదు. రెండు వేళ్లు చాలు. తెలిశాక కూడా పుట దిద్దలేదు. పొడిమంచు లోపలికి వస్తోందని ఇద్దరు కోట్లు తిరిగి తెచ్చినప్పుడు, వాళ్లకు తొడుక్కోవడం రాదని పంపేశాను. అది నా తప్పు.

తెత్సురో పోయి మూడేళ్లయింది. జానెడు కొట్టేసి, కొలతను మళ్లీ రెండు వేళ్లుగా దిద్దాలి. తండ్రి ఈ సంగతి మినెకోకు చెప్పాడో లేదో నాకు తెలియదు. అందుచేత వకీలు గారు ఈ అంశాన్ని ముందుగా ఆమె ఒక్కదానికే చదివి వినిపించాలి. తర్వాత ఎవరికి ఎంత చెప్పాలన్నది ఆమె ఇష్టం. నేను అతన్ని క్షమించానా అని అడిగితే, కోటు తెచ్చాక మొదటి మూడేళ్లు లేదని చెప్పాలి. ఆ తర్వాత, ఏ ఆదివారమైనా అతను రావడం ఆలస్యమైతే వీధిలోకి వెళ్లి చూసేదాన్నని చెప్పాలి.

2011 నవంబరు 9, ఒమాచి.

(సంతకం, ముద్ర) కురాషినా తొవా

మా ఎదుట చదివించుకుని, ఒకచోట ఆపించి, మళ్లీ కొనసాగించి సంతకం చేశారు.
సాక్షులు:
షిమోజో తొకుజి, కొండమీది బస యజమాని
ఒగిసో హారుయె, విశ్రాంత ఉపాధ్యాయిని