నాయిన లోపల ఆకుపచ్చ ఎలుగు

అక్కా, నీకు, అమ్మకు ప్రభువు పేరుమీద వందనాలు. అమ్మ మోకాళ్లు ఎట్లున్నయి? బావ పనికి పోతుండా? తాండూర్ల మస్తు వానలంట కదా. నేను మంచిగనె ఉన్న, ఫికర్ చెయ్యకుండ్రి. ఫోన్ల చెప్పుడు నాతోని కాదు. గందుకే మెసేజ్ వెడ్తున్న. గిది నువ్వొక్కదానివే చదువు, అమ్మకు ఇనిపియ్యకు.

పట్నం వచ్చి బండలేసే పనిల జర చెయ్యి కుదిరింది, అంతల నాయిన దవఖానల పడె. నాయిన లేచినంకనే రారా అన్నడు మేస్త్రి. దవఖాన వరండల పంటున్న. క్యాంటీన్ల పప్పు నీళ్ల లెక్కుంటది. మన కందిపప్పు యాదికొస్తది. గీడ ఎవ్వలతోని మాట్లాడబుద్ధి కాదు.

ఆపరేషన్ సంగతి నీకు సగమే చెప్పిన. క్యాన్సరున్న అన్నం గొట్టం తీసేసిన్రు. కడుపు సంచినే గొట్టం లెక్క కుట్టి, మెడ దాకా గుంజి అతికిచ్చిన్రు. గంత పైకి గుంజితె నెత్తురు అందుతదో లేదో అని, నరంల ఒక మందెక్కిచ్చి లైటు వెట్టి చూసిన్రంట. నెత్తురు పారిన కాడ ఆకుపచ్చగ మెరుస్తదంట. డాక్టరమ్మ ఫోటో చూపెట్టింది. కిందంత మొలకొచ్చిన చేను లెక్కున్నది. కొసకు రెండు వేళ్ల మందం నల్లగున్నది. "చివరి సాలుకు నీళ్లు పారలే. గా ముక్క కోసేసి, మెరిసిన కాడనే అతికిచ్చినం" అన్నది. ఆమెది మన వికారాబాదేనంట, గందుకే గట్ల చెప్పింది.

మేం చెప్పేదాక నోట్లె నీళ్లచుక్క గూడ వొయ్యొద్దని డాక్టర్లు చెప్పిన్రు. పేగులకు పైపు వెట్టి పాలు వోస్తున్నరు. గని అమ్మ పాస్టరయ్యతోని ప్రార్థన చేపిచ్చి నూనె పంపె కదా, రోజు పొద్దుగాల నాలిక మీద ఒక చుక్క ఎయ్యమని. దినాం ఫోన్ జేసి ఏసినవారా అని అడిగేది. అమ్మకు అబద్ధం చెప్పరాక ఏసిన. నాలుగు దినాలు ఏసిన అక్కా.

మొన్న నాయినకు జరమొచ్చింది. మెడ కాడ కుట్లల్లకెల్లి చీము కారింది. అతుకు ఇడిసిందన్నరు. డాక్టరమ్మ పరేషానైంది. లైటుల నెత్తురు మంచిగ కనవడె, ఎందుకిడిసింది, నోట్లె ఏమన్న ఏసిన్రా అని అడిగింది. నేను తలకాయ కిందికేసుకున్న. నాయినకు మాట వస్తలేదు. చెయ్యి లేపి తన ఛాతి మీద వెట్టుకున్నడు, నేనే తాగిన అన్నట్టు. గింత కష్టపడి చేస్తె నీ పాణం నువ్వే తీసుకుంటవా పెద్దాయినా అని ఆమె మస్తు తిట్టింది. నేను పక్కకు నిలవడి ఇన్న.

నిన్న ధైర్యం జేసి ఆమె రూముకు పోయి చెప్పిన. "నేనే నూనె ఏసిన మేడం. నాయిన కాదు."

ఆమె కుర్చీ చూపెట్టి కూసోమన్నది. నూనెతోనే ఇడిసిందని చెప్పలేం, లైటుల అంత మంచిగున్నా ఒక్కోపారి ఇడుస్తది అన్నది. "గట్లని కాదని గూడ చెప్పలేను బాబూ" అన్నది. ఇంక పది దినాలు చూస్తరంట. మానకుంటె మళ్ల కోస్తరంట. మళ్ల కోస్తె నాయిన తట్టుకునుడు కష్టమంట.

ఇయ్యాల పొద్దుగాల గూడ అమ్మ అడిగింది. ఏసిన అన్న. ఎయ్యలే. తనతోనే అయిందని తెలిస్తె అమ్మ బతకదు, నువ్వు చెప్పకు.

అక్కా, రేపు పొద్దుగాల రైలుకు రా. పిల్లగాన్ని అమ్మ కాడ ఇడిసిపెట్టు. నేను దగ్గరికి పోతె చాలు, నాయిన నూనె కోసం నోరు తెరుస్తుండు. నువ్వు ఆయిన కాడ కూసో. నేను బయట ఉంట.

పాస్టరయ్యకు, ఇంటి పక్కోళ్లకు వందనాలు చెప్పు. నాయిన కోసం ప్రార్థన చెయ్యుండ్రి.

నీ తమ్ముడు
సామేలు