గుంట పూడ్చే కాగితం

జూన్ 9, సోమవారం

తలుపుకు నోటీసు అంటించి పోయారు. అరవం, ఇంగ్లీషు. కూతురు శాంతి చదివి చెప్పింది. ఓనరు దామోదరం ఈ ఇంటి మీద లోను తీసి కట్టలేదట. బ్యాంకు జప్తు. పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి.

బాడుగ ఒక్క నెల ఆపలేదు నేను. వీధిన పడేది మాత్రం నేనూ నా కూతురూ.

జూన్ 10

దామోదరం ఇంటికి పోయాను. కూర్చోమనలేదు. "ఏమయ్యా, మగ్గం ఎత్తుకోని యాడికన్నా పో."

గుంట మగ్గం. నేలలో గుంటను ఎత్తుకుని ఎవడు నడిచాడో... కుక్క. రాశాను, కొట్టేయను.

జూన్ 11

బ్యాంకు మనిషి. చెప్పులతోనే మగ్గం మీది పడుగు దారాలు తొక్కాడు. "మీరు పోయినేడే వచ్చినారని ఓనరు రాసిచ్చినాడే. లోనుకు ముందే ఉన్నట్టు కాగితముంటే మిమ్మల్ని కదిలించలేం. ఉందా?"

లేదు. అగ్రిమెంటు అడిగినప్పుడల్లా "మన మధ్య కాగితమేంది మామా" అనేవాడు దామోదరం. అప్పుడు మామా. ఇప్పుడు ఏమయ్యా.

జూన్ 13, శుక్రవారం

దొరికింది. దొరికింది. అక్షరాలు వంకరపోతే పోనీ.

మగ్గానికి వాడే పాత అచ్చుల పెట్టె అడుగున. గుంట తవ్విన రోజు, ఇల్లు పాడు చేశానని పదిమందిలో తిట్టి దామోదరం రాయించిన కాగితం. "బాడుగకుండే నేను నడిమింట్లో మగ్గం గుంట తవ్వుకున్నాను. ఇల్లు విడిచేటప్పుడు నా ఖర్చుతో పూడ్చిస్తాను." స్టాంపు కాగితం, రెండు సంతకాలు, తేదీ. ఒకటి వాడుంచుకుని ఒకటి నా మీదికి విసిరాడు. లోనుకు నాలుగేళ్ల ముందు!

ఆ రోజు అవమానంతో అన్నం ముట్టలేదు. ఈ రోజు రెండుసార్లు వడ్డించుకున్నాను. ఆ పెట్టె పారేయమంటే వినని బిడ్డ నా శాంతి. బంగారు తల్లి. ఎంత రాసినా చాలదు.

జూన్ 16

తిరువళ్లూరు. వకీలమ్మ మూడుసార్లు చదివి నవ్వింది. "ఆయన తిట్టే ఆయన మీద సాక్ష్యమయ్యా. అయితే రిజిస్టరు కాలేదు, ఇదొక్కటే చాలుతుందని చెప్పలేను. గుంట మాత్రం పూడ్చొద్దు, అది కూడా సాక్ష్యమే."

బస్సులో తిరుత్తణి దాకా నవ్వుకుంటూనే వచ్చాను. పక్కనాయన జరిగి కూర్చున్నాడు.

జూన్ 18

దామోదరం వచ్చాడు, అరటిపండ్లతో. ఎవరు చెప్పారో. "మామా, ఆ కాగితం ఒకసారి చూపించు." చూపలేదు. "సరేలే. గుంట పూడ్చేదానికి మనుషుల్ని నేనే పంపిస్తా. ఖర్చు నాది."

మళ్లీ మామా అంట. పండ్లు ఆవుకు పెట్టాను.

జూన్ 19

పొద్దున్నే వాకిట్లో ట్రాక్టరెడు మట్టి. ముగ్గురు మనుషులు, పారలు. శాంతి వకీలమ్మకు ఫోన్ చేస్తోంది, ఎత్తడం లేదు.

గుంటలో కాళ్లు పెట్టుకునే ఇది రాస్తున్నాను, నేను లేస్తే కదా పూడ్చేది. నేయాల్సిన పడుగు ఇంకా సగం ఉంది... తలుపు కొడుతున్నారు.