అల్యూమినియం బేసిన్‌కు వారసుడు

మూడు గదుల ఇల్లు, ఒక సైకిలు, నలభై ఒక్క ఏళ్లుగా పాస్టరు అనే పిలుపు తప్ప వేరే ఆస్తి లేని నేను, డెబ్భై నాలుగో ఏట, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా స్వహస్తంతో రాస్తున్నాను. "ఎవరి ఒత్తిడీ లేకుండా" అన్న ముక్క దస్తావేజు లేఖరి పట్టుబట్టి పెట్టించాడు. నిజానికి ఒత్తిడికి కొదవ లేదు. నాలుగు నెలలుగా సంఘ పెద్దలు వంతులేసుకుని ఇంటికొస్తున్నారు. గొంతు తగ్గించి, "అయ్యగారూ, మీ తరవాత ఎవరో మీరే రాసి పెట్టేస్తే మాకు గొడవుండదండీ" అంటున్నారు. నా కొడుకు నోరు తెరిచి ఏమీ అడగలేదు. పోయిన నెల మాత్రం తన పేరు కింద "కాబోయే సంఘ కాపరి" అని కార్డులు అచ్చు వేయించుకున్నాడు.

కాబట్టి అందరికీ తెలిసేలా రాస్తున్నాను.

1. ఇల్లు, అందులోని సమస్త సామానుతో సహా, సర్వహక్కులతో నా భార్యకు చెందాలి. నా చేతి గడియారం కూడా ఆమెకే. ఆమెకు దాంతో పనిలేదనుకోండి. మూడో వరసలో కూర్చుని, నా ప్రసంగం ముప్పావు గంట దాటగానే కళ్లజోడు తీసి తుడుచుకునేది. రెండోసారి తుడిచిందంటే నేను ఆమేన్ అనేయాలి. ఒకే ఒక్క ఆదివారం లెక్కచేయలేదు. ఆ మధ్యాహ్నం భోజనం నేనే వడ్డించుకున్నాను. ఈ సంఘంలో నన్ను నోరు మూయించగల అధికారం ఆమె ఒక్కదానికే ఉండేది. దానివల్ల సంఘం బాగుపడింది, నేనూ బాగుపడ్డాను.

2. నా పుస్తకాలు, సైకిలు నర్సు ఉద్యోగం చేస్తున్న నా కూతురికి చెందాలి. ఈ వీలునామాను అమలు జరపవలసింది కూడా ఆమే. తొమ్మిదేళ్ల వయసులో అది నన్ను ఒక ప్రశ్న అడిగింది. "నాన్నా, దేవుడు నీతో మాట్లాడినప్పుడల్లా నువ్వు ముందే అనుకున్నదే ఎందుకు చెప్తాడు?" మూడు వారాలు నాకు ప్రసంగం కుదరలేదు. ఆ తరవాత "దేవుడు నాతో చెప్పాడు" అని నోరు జారే ముందు రెండుసార్లు ఆలోచించడం మొదలుపెట్టాను. బంగారు తల్లీ, వేదాంత పాఠశాలలో మూడేళ్లు చదివినా నాకు ఆ పాఠం ఎవరూ చెప్పలేదు.

3. నా నల్ల కోటు దర్జీ పెద్దకు చెందాలి. దాన్ని కుట్టింది ఆయనే. కుడి చెయ్యి రెండు వేళ్లు పొడుగు కుట్టి, ఆశీర్వదించేటప్పుడు నిండుగా కనిపిస్తుందని బుకాయించాడు. ఆ కోటు ముట్టుకుంటే జ్వరాలు తగ్గుతాయని ఊరంతా చాటింది కూడా ఆయనే. రుజువుగా ఆయన చెప్పే చంటిపిల్లకు జ్వరం తగ్గిన రోజు కోటు చాకలి షాపులో ఉంది. నేను ప్రార్థన చేసింది బనీను మీద. తగ్గించినవాడు దేవుడు. ఇరవై రెండేళ్లుగా చెబుతున్నా వినిపించుకోలేదు కాబట్టి ఇప్పుడు సాక్షుల ఎదుట రాస్తున్నాను.

4. వేదిక మీద ఉన్న, సింహం తలల పెద్ద కుర్చీ. ఇది నాకు కానుకగా ఇచ్చినట్టు వెనక రేకు మీద చెక్కించారు గనుక నా ఇష్టం. రంపంతో కోయించి, ఆదివారపు బడి పిల్లలకు పీటలు చేయించాలి. దాన్ని చేయించేటప్పుడు గుమ్మం కొలవడం ఒక్కరికీ తట్టలేదు. చివరికి గుమ్మమే పగలగొట్టి లోపలికి తెచ్చారు. మరుసటి వారమే, చక్రాల కుర్చీలో తిరిగే టైపిస్టు ఒకావిడ, అంతవరకూ బయట ఎండలో ఉండి పాటలు వినే మనిషి, ఎవరి సాయమూ లేకుండా లోపలికొచ్చింది. ఆ సింహాల వల్ల జరిగిన మేలు అదొక్కటే. గుమ్మాన్ని మాత్రం ఎవరూ తిరిగి చిన్నది చేయకూడదు.

5. సొట్టలు పడ్డ అల్యూమినియం బేసిన్. ఇది మందిరానికి ఎదురుగా పంక్చర్ షాపు నడుపుతున్న "ట్యూబు"కు చెందాలి. కారణం చెప్పాలి.

ఏటా ఒకసారి, యేసు తన శిష్యులకు చేసినట్టే, నేను వేదిక మీద పన్నెండుమంది పెద్దల పాదాలు కడిగేవాణ్ణి. పెద్దలందరూ ఇంటి దగ్గరే సబ్బుతో కాళ్లు రుద్దుకుని, గోళ్లు తీసుకుని, పౌడరు అద్దుకుని, కొత్త మేజోళ్లు వేసుకుని వచ్చేవారు. నేను చెంచాడు నీళ్లు చల్లి తువ్వాలుతో అద్దేవాణ్ణి. జనం కళ్లు తుడుచుకునేవారు. ఫోటోలు కూడా దిగేవాళ్లం. ఇలా పద్నాలుగేళ్లు నడిచింది.

పదిహేనో ఏట ఒక పెద్దకు ఒంట్లో బాగాలేదు. పన్నెండో కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండదని ఎవరో పరుగున వెళ్లి ట్యూబును పనిలోంచి లాక్కొచ్చారు. అతను చెప్పులు విప్పగానే ముందు వరసలో కిసుక్కుమన్నారు. "వద్దండీ అయ్యగారూ, నీళ్లు పాడైపోతాయి" అని కాళ్లు కుర్చీ కిందకు లాక్కున్నాడు. నాకూ వదిలేద్దామనే అనిపించింది, దాచడం దేనికి! కానీ అందరూ చూస్తున్నారు. పట్టుకుని తోమాను. నాలుగుసార్లు నీళ్లు మార్చాల్సొచ్చింది. గాయక బృందం వచ్చిన పాటలన్నీ అయిపోగొట్టి మళ్లీ మొదటి పాట ఎత్తుకుంది. తీరా లేద్దామంటే నా మోకాళ్లు పట్టేశాయి. సంఘమంతా చూస్తుండగా ట్యూబు వంగి, నా చంకల కింద చేతులు వేసి, లారీ టైరును లేపినట్టు లేపి నిలబెట్టాడు.

అంతకు ముందు జనం నా ప్రసంగం బాగుందనేవారు. ఆ వారం నుంచి ఇంటికొచ్చి తమ తప్పులు చెప్పుకోవడం మొదలుపెట్టారు. నా తల మీద చేతులుంచి నన్ను పాస్టరును చేసింది పెద్దలే, కాదనను. కానీ నా మాట నమ్మదగిందని సంఘానికి అనిపించింది మాత్రం ఆ రోజే.

6. ప్రసంగ వేదిక. దీన్ని ఎవరికీ రాయడం లేదు. అది నాది కాదు, మా నాన్నదీ కాదు. యజమాని వేరే ఉన్నాడు, నేను జీతగాణ్ణి. సంఘం ఉపవాసముండి, ప్రార్థన చేసి, తమకు నమ్మకమున్న మనిషిని తామే ఎన్నుకోవాలి. నా కొడుకుకు నా గొంతు పుట్టుకతోనే వచ్చింది, అది చాలు. మైకు ముందు వాణ్ణి చూశాను గానీ, ఒక్క మనిషి ముందు వాడు వంగడం నేను చూడలేదు. కన్నతండ్రిగా ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది.

పైన ఉన్నదంతా సోమవారం రాసింది. ఈ కిందిది గురువారం రాస్తున్నాను.

నిన్న పొద్దున నా పాదాలు వాచి, చెప్పులు పట్టలేదు. మా ఆవిడ బజారుకు వెళ్లింది. అబ్బాయి వచ్చాడు. వీలునామా సంగతి కదుపుతాడని నేను ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాను. వాడు నా కాళ్లు చూశాడు. పెరట్లోకి వెళ్లి, గోరువెచ్చని నీళ్లతో ఆ బేసినే తెచ్చి, నేల మీద చతికిలబడ్డాడు. "కాళ్లిటు పెట్టు నాన్నా" అన్నాడు. ఒంటి సబ్బు దొరక్క బట్టల సబ్బు తెచ్చాడు. గోళ్లు తీస్తూ చిటికెన వేలు కాస్త గీసి, "అయ్యో, అయ్యో" అని నాకంటే ఎక్కువ విలవిల్లాడాడు. ఫోను మోగుతూనే ఉంది, తియ్యలేదు. ప్రార్థన చేయలేదు, వాక్యం చెప్పలేదు. తన స్కూటరు బ్రేకుల గురించి చెప్పుకుంటూ వేళ్ల సందుల్లో కూడా తుడిచాడు. తీరా లేద్దామంటే వాడి మోకాళ్లు పట్టేశాయి. నా పోలికే! నేనే చెయ్యి అందించి లేపాను. ఆ తరవాత నాకు ఏడుపు ఆగలేదు. సబ్బు కళ్లలో పడిందని చెప్పాను.

కనుక అయిదో అంశం రద్దు చేస్తున్నాను. బేసిన్ నా కొడుకుకే చెందాలి. ఆరో అంశం ఒక్క అక్షరం కూడా మారదు. ఎన్నుకోవలసింది సంఘమే. నేను చూసింది రాశాను, అంతే. ఆ కార్డులు మాత్రం వెనక వైపు ఖాళీగానే ఉన్నాయి కాబట్టి బజారు చీటీలకు వాడుకోవాలి.

ట్యూబుకు ఫోను చేసి, నీకు రాసిన బేసిన్ తీసేశానయ్యా అన్నాను. "అమ్మయ్య! నాకు షాపులో నీళ్ల తొట్టి ఉందిగా అయ్యగారూ" అని పగలబడి నవ్వాడు. ఆస్తి పొందేవాడు సాక్షి సంతకం పెడితే ఆ రాత చెల్లదని సోమవారం లేఖరి అతన్ని పక్కన పెట్టాడు. ఇప్పుడు అతనికి ఈ కాగితం వల్ల వచ్చేది ఏమీ లేదు. అతనికంటే మంచి సాక్షి నాకు దొరకడు.

తేదీ: మార్చి పన్నెండు, గురువారం.

సంతకం: పాస్టరు

సాక్షులు:
1. ఎదుటి షాపు ట్యూబు. (వేళ్ల నలుపు కాగితానికి అంటింది. ఎవరూ చెరపకూడదు.)
2. దస్తావేజు లేఖరి