గోల్ అరచేతికి తెలిసింది

శనివారం రాత్రి, ఏజాక్స్, కెనడా

పెద్ద టోర్నమెంట్ కోసం టొరంటో స్టేడియంలో అదనంగా కట్టిన ఇనుప గ్యాలరీ మీద ఇవాళ్టి లీగ్ మ్యాచ్‌కే మొదటిసారి జనాన్ని కూర్చోబెట్టారు. దాని బరువు లెక్కలు చూసిన ఇంజనీర్లలో నేనొకణ్ణి. మా అమ్మాయి శ్రేయ తన సాకర్ టీమ్ పిల్లలతో పైన కూర్చుంది. నేను మ్యాచ్ వదిలేసి కింద స్తంభాల మధ్య తిరిగాను.

జనం కూర్చుంటే భయం లేదు, అందరూ ఒకేసారి ఎగిరితేనే. నేనీ దేశం వచ్చిన కొత్తలో సాకర్ అంటే పార్కులో పిల్లల ఆట. ఇవాళ డ్రమ్ములు, జెండాలతో గంట ముందే గ్యాలరీ నిండిపోయింది. చూడ్డానికి ఎంత ముచ్చటేసిందో!

సెకండ్ హాఫ్‌లో ఓ స్తంభం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఒక్కసారిగా పైన హోరు. ఇనుము అరచేతి కింద వణికింది. మూడు లెక్కపెట్టేలోగా వణుకు ఆగిపోయింది, మేం కాగితం మీద లెక్క వేసుకున్నట్టే. కట్టినవాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

కార్లో శ్రేయ అడిగింది. "డాడీ, డిడ్ యూ సీ ద గోల్?"

"చూశాన్రా."

"హూ స్కోర్డ్?"

"నువ్వే. ఎంత గట్టిగా ఎగిరావో!"

అసలు టోర్నమెంట్‌కి ఇంతకంటే గట్టిగా ఎగిరేవాళ్ళు వస్తారు. సోమవారం ఆ స్తంభం బోల్టులు ఇంకోసారి చూసుకుంటాను... ఎగరనీ.