తాలుకాయల గంపలో బిళ్ళలు

ఏమండీ,

ఏడింటి బస్సుకి గుంటూరు వెళుతున్నాను. డాక్టరుగారు నిన్న కొత్తగా రాసిన పెద్ద బి.పి. బిళ్ళ నేను వచ్చేదాకా వేసుకోవద్దు. అన్నం తిన్నాక పాత బిళ్ళే వేసుకోండి. నీళ్ళు చిన్న గ్లాసుతో మూడే. బసవమ్మత్త కొబ్బరిబొండం తెస్తే, నేను తాగొద్దన్నానని చెప్పండి.

తెల్లారుజామున తాలు మిరపకాయల గంప వంచితే, ఆ తెల్లకాయల మధ్య మీ బిళ్ళలు పదకొండు దొరికాయి. ఇన్నాళ్ళూ ఓపిక లేకపోయినా మంచంలో కూర్చుని నాకు తాలు ఏరిపెడుతున్నారని ఎంత మురిసిపోయానో! "ఇంత మందు వాడినా బి.పి. దిగట్లేదేంటమ్మా?" అని డాక్టరుగారు అడిగితే, ఒక్క పూట కూడా మానలేదండీ అని పిల్లల మీద ఒట్టేశాను. నా మాట నమ్మే ఆయన మోతాదు రెట్టింపు చేశారు. ఇప్పుడు మీరు నిజంగా ఆ పెద్ద బిళ్ళ మింగితే ఏమవుతుందోననే ఈ పరుగు. ఆయన కాళ్ళు పట్టుకునైనా ఉన్నది ఉన్నట్టు చెబుతాను. బిళ్ళ వేస్తే కళ్ళు తిరిగి చేలోకి వెళ్ళలేకపోతున్నారని కూడా చెప్పి, వేరే మందు అడుగుతాను.

"వారంలో రెండు రోజులు డయాలసిస్‌కి, ఒక రోజు నీరసానికి పోయింది. మిగతా నాలుగూ నావి. వాటినీ బిళ్ళలకివ్వను" అని మొన్న మీరంటే, కోపంలో అన్నారనుకున్నాను. నిజంగానే అన్నారన్నమాట.

పప్పు ఉట్టి మీద ఉంది. ఉప్పు వెయ్యలేదు, మీరూ వేసుకోకండి.

కోటిరత్నం

ఆ నాలుగు రోజులూ మీవేనన్నారే, అందులో నాకొక్కటీ లేదా?