తేటగా వచ్చిన నీళ్లు

మంగళవారం, కర్దనూర్

మా గోబర్ గ్యాస్ ట్యాంకు నుంచి వచ్చే పేడనీళ్లు, వడగట్టడానికి జమ్ముగడ్డి నాటిన కంకర మడి గుండా పారి, అటు చివర తేటగా బయటికొస్తున్నాయి. క్రిములు పోయాయో లేదో పరీక్ష ఫలితం మాత్రం ఇంకా రాలేదు.

సాయంత్రం పక్క చేను మల్లమ్మక్క ఆ నీళ్లలోనే పాలకూర కట్టలు కడుగుతోంది. వద్దన్నాను.

"రంగు లేదు, వాసన లేదు. కంపెనీల నీళ్లు చూసిన కండ్లివి తమ్మీ, నాకు తెల్వదా?"

క్రిములు కంటికి కనబడవన్నాను.

"కనబడనిదానికి కూర పారబొయ్యాల్నా?" అని నవ్వి, ఒక కట్ట నా చేతిలో పెట్టింది.

ఫ్యాక్టరీల మురుగు పారే ఇటువైపు చెడ్డ నీళ్లంటే ఎర్రగానో పసుపుగానో పారాలి. మా పిల్లలకూ అదే నేర్పాం.

నాకిచ్చిన కట్టను పేడకుప్పలో వేశాను. మిగతావన్నీ తడి గోనెల కింద ఉన్నాయి, పొద్దున్నే పటాన్‌చెరు మార్కెట్‌కు పోవడానికి.